కొత్త వాటర్‌కలర్ ట్యూబు కొన్నారా? పెద్ద బొమ్మకి ముందు చిన్న గడుల్లో వేసి చూడండి

కొత్త రంగు చేతికి రాగానే పెద్ద కాగితం తీయాలనిపిస్తుంది. వద్దు. రెండేళ్ల కిందట నేను అదే చేశాను. థాలో బ్లూ ట్యూబు మొదటిసారి కొని, మర్నాడు సాయంత్రమే ప్రకాశం బ్యారేజీ బొమ్మకి కూర్చున్నాను. బ్యారేజీకి ఉన్న 70 గేట్లలో నా కాగితం మీద పట్టినన్ని పెన్సిలుతో ఓపిగ్గా గీసుకుని, ఆకాశానికి మామూలుగా అల్ట్రామెరైన్ ఎంత తీస్తానో ఈ నీలం కూడా అంతే తీశాను. ఆకాశమంతా సిరా ఒలికినట్టయింది. తడి టిష్యూతో అద్దాను, రుద్దాను, రాలేదు. అల్ట్రామెరైన్ అయితే చాలావరకు వచ్చేసేది, థాలో మాత్రం కాగితాన్ని పట్టేసుకుంటుంది, పైగా చుక్క వేస్తే చాలు గిన్నెడు నీళ్లకి సరిపోయేంత బలం దానిది. అది చెడ్డ రంగేమీ కాదు, నాకిప్పుడు చాలా ఇష్టమైన నీలం అదే. దాని స్వభావం తెలియకుండా పెద్ద బొమ్మలో పెట్టడమే నేను చేసిన తప్పు.

అప్పటినుంచి ఏ కొత్త ట్యూబు తెరిచినా ముందు స్కెచ్‌బుక్‌లో రెండు పేజీలు దానికే ఇస్తున్నాను. రెండు అంగుళాల గడులు, ఒకసారికి ఒకే కొత్త రంగు. ఎలా చేస్తానో చెప్తాను.

ముందుగా కావలసినవి

ఏ5 సైజు స్కెచ్‌బుక్ చాలు, కానీ కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉండాలి. పలచటి కాగితం నీళ్లకి ఉబ్బి గుంటలు పడితే రంగు అక్కడికే చేరుతుంది, అప్పుడు మీరు చూసేది కాగితం చేసే పని, రంగు చేసే పని కాదు. ఇంకో మాట, మీరు అసలు బొమ్మలు ఏ కాగితం మీద వేస్తారో గడులు కూడా అదే రకం మీద వేయండి. మామూలు కాగితం మీద ఒకలా, నూరు శాతం కాటన్ మీద ఇంకోలా ప్రవర్తించే రంగులు చాలా ఉన్నాయి. అంత ఖరీదైన పుస్తకం ఎందుకనుకుంటే పెద్ద షీటు చివర మిగిలిన ముక్కలు కోసి దారంతో కుట్టుకోండి, నా దగ్గరున్నవి అన్నీ అలాంటివే.

8వ నంబరు రౌండ్ బ్రష్షు ఒకటి, నీళ్లకి రెండు గ్లాసులు (ఒకటి కడగడానికి, ఒకటి మంచినీళ్లకి), పాత కాటన్ చీర ముక్క, మాస్కింగ్ టేపు, నీళ్లకి చెదరని నల్ల మార్కరు. అంతే.

ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి

రంగు పేరుని నమ్మకండి. ఒకే పేరుతో రెండు కంపెనీలు వేరు వేరు పిగ్మెంట్లు, అంటే రంగునిచ్చే పొడులు, అమ్ముతాయి. ట్యూబు వెనక చిన్నగా ఉండే కోడ్ అసలు పేరు. పీబీ29 అంటే అల్ట్రామెరైన్, పీబీ15 అంటే థాలో బ్లూ, పీజీ7 థాలో గ్రీన్. ఒకే కోడ్ ఉంటే ఒకే పిగ్మెంట్, వేరే రంగుల్లో కలిపినా మురికి పట్టడం తక్కువ. మూడు కోడ్‌లు ఉన్న రంగుని ఇంకో రెండు రంగులతో కలిపారంటే ఎన్ని కలిసినట్టో లెక్క వేసుకోండి. పేరు చివర 'హ్యూ' అని ఉంటే ఆ అసలు పిగ్మెంటుకి బదులు వేరేవి వాడి ఆ రంగుకి దగ్గరగా తెచ్చారని అర్థం. ఈ కోడ్ పేజీ పైమూల రాసుకోండి, తేదీతో సహా.

మొదటి పేజీ: రంగుని రంగుగా చూడటం

పేజీని టేపుతో ఆరు గడులు చేయండి. మొదటి గడిలో పైన చిక్కగా మొదలుపెట్టి, కిందకి వచ్చేకొద్దీ నీళ్లు పెంచుతూ చివరికి తెల్ల కాగితంలో కలిసిపోయేలా వేయండి. ఈ ఒక్క గడిలోనే సగం సంగతి తెలుస్తుంది. నికెల్ ఏజో ఎల్లో, పీవై150, చిక్కగా ఉన్నప్పుడు పాత ఆవపిండిలా డల్‌గా ఉంటుంది, ట్యూబు మూత తీసి చూసి నిరాశపడ్డాను కూడా. నీళ్లు తగిలేసరికి అదే రంగు చామంతి పసుపై వెలిగిపోయింది. ఇలాంటిది ట్యూబులో చూస్తే తెలియదు.

రెండో గడిలో ముందే మార్కరుతో ఒక గీత గీసి, ఆరాక దాని మీదుగా రంగు వేయండి. గీత మీద రంగు పొడిలా కనిపిస్తే ఆ రంగు అడుగుది కప్పేస్తుంది, గీత నల్లగానే ఉంటే పారదర్శకం, పొరల మీద పొర వేసుకోవచ్చు. మూడో గడి పూర్తిగా ఆరనిచ్చి, తడి బ్రష్షుతో మధ్యలో నాలుగుసార్లు రుద్ది టిష్యూతో అద్దండి. తెల్లటి చార వచ్చిందా, రాలేదా? నా బ్యారేజీ బొమ్మ పోయింది ఈ ఒక్క గడి వేయకపోవడం వల్లే. నాలుగో గడిని మంచినీళ్లతో తడిపి అందులో రంగు చుక్క వదలండి. కొన్ని అంచుదాకా పరుగెడతాయి, కొన్ని వేసినచోటే కూర్చుంటాయి.

మిగిలిన రెండు గడులు మీ దగ్గర ఇప్పటికే ఉన్న రంగులతో కలపడానికి. ఒకటి వెచ్చటిది, ఒకటి చల్లటిది చాలు. నేనైతే ఏ నీలమైనా ముందు బర్న్ట్ సియెన్నాతో, అంటే ఎర్రటి గోధుమ రంగుతో, కలిపి చూస్తాను. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపిన వాష్ (నీళ్లతో వేసే పలచటి పూత) ఆరుతుంటే ఓ పది నిమిషాలు పక్కనే కూర్చుని చూడండి. తడిగా ఉన్నప్పుడు అంతా ఒకే బూడిద రంగు. మెరుపు తగ్గేకొద్దీ నీలం రేణువులు కాగితం గుంటల్లోకి దిగిపోతాయి, వాటి చుట్టూ సన్నటి గోధుమ రంగు తేలుతుంది, చివరికి ఒకే మరకలో రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. వానాకాలం మబ్బు అచ్చం అలాగే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు బకెట్‌కి తెల్ల పొర కట్టేంత గట్టివి, ఆ నీళ్లతో ఒక గడి, ఫిల్టర్ నీళ్లతో పక్కనే ఒక గడి వేస్తే రేణువులు పరుచుకోవడంలో తేడా కనిపించింది. మీ ఇంటి నీళ్లతో మీరూ ఒకసారి చూడండి.

రెండో పేజీ: చిన్న చిన్న బొమ్మలు

ఇక్కడే అసలు సరదా. ఉత్త మరకలు ఎన్ని వేసినా రంగు సగమే తెలుస్తుంది, ఒక వస్తువు రూపం ఇవ్వాల్సి వచ్చినప్పుడే అది మన మాట వింటుందో లేదో తేలుతుంది. వస్తువు ఇంట్లోదే అయితే మంచిది, గడికి ఇరవై నిమిషాలకు మించి పెట్టకండి.

ఎరుపు కొత్తగా కొంటే నేను ఎండుమిరపకాయ వేస్తాను. గుంటూరు పక్కన ఉంటూ ఎరుపుని పరీక్షించడానికి ఇంకో వస్తువు వెతుక్కోవాలా? వంటింటి డబ్బాలోంచి సన్నకాయ ఒకటి తీసి తెల్ల పళ్లెంలో పెట్టుకోండి, పక్కనుంచి వెలుతురు పడాలి. ముందు పలచటి పసుపు, మెరుపు ఉన్నచోట సన్నటి గీతంత కాగితం తెల్లగా వదిలేసి. ఆరాక కొత్త ఎరుపు ఒక పొర. పారదర్శకమైన ఎరుపైతే కింద పసుపు పైకి తన్నుకొస్తుంది, కాయ లోపలినుంచి వెలుగుతున్నట్టుంటుంది. క్యాడ్మియం రెడ్ లాంటిదైతే పసుపుని చాలావరకు కప్పేస్తుంది, అది కూడా తెలుసుకోవాల్సిందే. ఇక ముడతలు. ముడత లోపల నీడకి నలుపు తీయకండి, అదే ఎరుపులో థాలో గ్రీన్ పిసరంత కలపండి, ముదురు వంకాయ రంగుకి దగ్గరగా ఒక చిక్కటి ఎరుపు వస్తుంది. తొడిమ ఎండిపోయి గడ్డిరంగులో ఉంటుంది, దానికి ఆ పసుపులోనే ఒక చుక్క మిశ్రమం సరిపోతుంది. మొదటి కాయ బాగా రాకపోతే పక్కన రెండోది వేయండి. మూడో కాయకి మీ చేతికి ఆ ఎరుపు బరువు తెలిసిపోతుంది.

నీలాలకి, ఆకుపచ్చలకి కృష్ణ ఉంది. విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర మెట్ల మీద కూర్చుని ఒకే చోటు నుంచి నాలుగు గడులు వేయండి: ఒకటి కేవలం నీళ్లు, ఒకటి అవతలి ఒడ్డు గీత, అలా. వరద రోజుల్లో నీళ్లు నీలంగా ఉండవు, ఎర్రమట్టి కలిసి టీ రంగులో ఉంటాయి, అప్పుడు ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా లాంటి మట్టి రంగులు తీసుకెళ్లండి. గులాబీ, ఊదా రంగులు కొన్నవాళ్లకి పూలమార్కెట్లో పది రూపాయల బంతిపూల కంటే ఒక్క కనకాంబరం మూర ఎక్కువ నేర్పుతుందని నా అనుభవం, దాని నారింజ పట్టుకోవడం చాలా కష్టం.

మన ఎండ, మన వాన

విదేశాల వీడియోల్లో వాష్ పది నిమిషాలు తడిగా ఉంటుంది. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద వేస్తే బ్రష్షు రెండోసారి తీసేలోపే అంచు ఆరిపోయి గీత పడుతుంది. పొద్దున్నే ఏడులోపు వేయండి, ఫ్యాన్ ఆపండి, కాగితాన్ని వెనకవైపు కూడా తడపండి. వానాకాలం దీనికి తిరగబడుతుంది, పొర ఆరిందనుకుని రెండో పొర వేస్తే చెమ్మ మిగిలి ఉండి కాలీఫ్లవర్ ఆకారంలో మరకలు తేలతాయి. వేలి వెనకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. ఆ నెలల్లో రంగుల పెట్టె తడిగా మూయకండి, రాత్రంతా తెరిచి ఉంచండి, లేదంటే పాన్‌ల (పెట్టెలోని రంగు బిళ్లల) మీద బూజు వస్తుంది.

రాసుకోవడం, ఎండలో పెట్టడం

గడి పక్కన రెండు ముక్కలు రాయండి: తుడిస్తే పోయిందా, ఆరాక ఎంత లేతబడింది, దేనితో కలిపితే నచ్చింది. 'బాగుంది' అని మాత్రం రాయకండి, ఆర్నెల్ల తర్వాత ఆ మాట మీకు ఏమీ చెప్పదు.

ఆఖరుగా, అదే రంగుని చిన్న కాగితం ముక్క మీద వేసి, సగం పుస్తకంలో అంటించి, సగం పడమర కిటికీ అద్దానికి అంటించండి. ఉగాదికి అంటించింది దసరాకి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పాతకాలం అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్83), మెరిసే ఒపెరా పింక్ లాంటివి వెలిసిపోతాయి, అల్ట్రామెరైన్, మట్టి రంగులు చెక్కుచెదరవు. వెలిసిన రంగుని పారేయక్కర్లేదు, మూసి ఉంచే స్కెచ్‌బుక్‌లో హాయిగా వాడుకోండి, గోడకి కట్టే బొమ్మలో, ఎవరికైనా ఇచ్చే బొమ్మలో మాత్రం వేయకండి.