గోధుమ మానేశాక: సీలియాక్ ఉన్నవాళ్లు ఏటా చూసుకోవాల్సినవి

సీలియాక్ అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు. గోధుమ మానేసిన రెండు మూడు నెలలకే విరేచనాలు తగ్గి, ఒంట్లోకి సత్తువ వస్తుంది. ఇక చాలామంది డాక్టరు గడప తొక్కరు. కడుపు ఊరుకుంది కదా అని పేగు లోపలి పొర మానిందనుకోవద్దు, పెద్దవాళ్లలో దానికి ఏళ్లు పట్టొచ్చు.

జబ్బు తేలాక 3–6 నెలల మధ్య ఒకసారి, 12వ నెలలో మరోసారి, తర్వాత ఏటా టీటీజీ ఐజీఏ (ఈ జబ్బులో పెరిగే యాంటీబాడీ) రక్తపరీక్ష చేయించుకోండి. పరగడుపున వెళ్లక్కర్లేదు. దానితోపాటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, ఫోలేట్, డీ విటమిన్, లివర్ ఎంజైములు, థైరాయిడ్ చూపించుకోవాలి. పిల్లలకు 6 నెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టండి. ఎముకల సాంద్రత స్కాన్ ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు.

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం లాంటి ఊళ్లలో రక్తం తీసి బయటి ల్యాబ్‌కు పంపడం మామూలే. ఒకసారి బరంపురం, ఇంకోసారి విశాఖ అయితే అంకెలు పోల్చలేం. కిట్ మారితే నార్మల్ హద్దూ మారుతుంది. ల్యాబ్ మార్చకండి. అంకె పక్కనే హద్దు కూడా రాసుకోండి. హద్దు 10 ఉన్నచోట 160 ఉన్నది ఆరు నెలలకు 60 అయితే దారిలో పడ్డట్టే. నార్మల్‌కు రావడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. వచ్చినా, అప్పుడప్పుడూ తినే గోధుమ ముక్క ఈ పరీక్షకు దొరక్కపోవచ్చు.

అంకె దిగట్లేదా? ముందు పిండిమర దగ్గర వెతకండి. గోధుమలు ఆడిన మరలోనే మీ చోళ్లు (రాగులు) పోస్తే, మొదట వచ్చే పిండిలో ముందువాళ్ల గోధుమ పిండి కలిసే వస్తుంది. మర దులిపినా పూర్తిగా పోదు. చోళ్లు గింజలుగా కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో ఆడుకోవడమే మేలు. తర్వాత ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో మైదా కలుపుతారు. పూరీ నుంచి తెచ్చిన ఖాజా మైదాదే, ప్రసాదమని కొంచెం నోట్లో వేసుకున్నా లెక్కలోకే వస్తుంది. మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. మిఠాయి కొట్లో ‘గహమ, మైదా ఉందా’ అని ఒడియాలోనే అడగండి. పఖాళం (చద్దన్నం), అంబలి, ఇంట్లో రుబ్బిన చకులిపిఠా (బియ్యం, మినప్పప్పు అట్టు)తో బెంగలేదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్‌లో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

రక్తం పెరగకపోతే నేరమంతా గోధుమ మీదే వేయకండి. ఈ వైపు సికిల్ సెల్, మలేరియా, కొంకిపురుగు కూడా ఉన్నాయి, వాటికీ పరీక్ష చేయించండి. సీలియాక్‌లోనూ సికిల్ సెల్‌లోనూ క్రిములతో పోరాడే ప్లీహం సరిగ్గా పనిచేయకపోవచ్చు. అందుకే న్యుమోకాకల్ (న్యుమోనియా తెచ్చే క్రిమికి వేసే) టీకా సంగతి తప్పకుండా అడగండి.

బరువు తగ్గడం, జ్వరం, నల్లటి విరేచనం కనిపిస్తే ఏడాది పరీక్షకోసం ఆగకండి. తోబుట్టువులకూ పిల్లలకూ, తల్లిదండ్రులకూ ఒకసారి ఈ టీటీజీ పరీక్ష చేయించాలి, వాళ్లు మాత్రం అప్పటిదాకా గోధుమ మానకూడదు.