గోరింట కంచె కింద బోసిపోతే
గోరింట కంచెను పైపైన కత్తిరిస్తూ పోతే పైన గొడుగులా అల్లుకుని, కింద మేక దూరేంత సందులు పడతాయి. మా పెరట్లోనూ ఇదే గొడవ. తొలకరి పడ్డాక, జూన్ చివర్లో, ధైర్యం చేసి మొత్తం అడుగున్నర ఎత్తుకు కోసేశాను. బొటనవేలి లావు కొమ్మలకు కత్తెర పనికిరాదు, చిన్న రంపం పట్టండి. మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, చెట్టుకు రెండు దోసిళ్ళ పశువుల ఎరువు వేసి నీళ్ళు పెట్టాలి. మాకు మూడు వారాల్లో చిగుళ్ళొచ్చాయి. అవి జానెడు పెరగగానే కొసలు తుంచితే కింది నుంచే గుబురు కడుతుంది. కోసిన ఆకు పారేయకండి, నీడలో ఎండబెడితే పొడికి పనికొస్తుంది.

ఎండాకాలంలో మాత్రం ఇలా కోయొద్దు. మోర్‌పంఖీ (విసనకర్రలా పరుచుకునే ఆకుల థూజా మొక్క) కంచెకైతే ఎప్పుడూ వద్దు, ఆకులేని ముదురు కొమ్మ నుంచి అది మళ్ళీ చిగురించదు.