స్కైహుక్ నేర్చుకోవడం ఎలా: కరీం అబ్దుల్-జబ్బార్ నేర్చుకున్న వరుసలో

బాస్కెట్‌బాల్‌లో రింగుకు వీపు చూపి బంతి అందుకొని, ఎడమ భుజాన్ని రింగువైపు తిప్పి, కుడి చేతిని తలమీదుగా పూర్తిగా చాచి, వేళ్ల కొసల నుంచి బంతిని వదిలే షాటును హుక్ షాట్ అంటారు. కరీం అబ్దుల్-జబ్బార్ ఆ బంతిని ఎంత పైనుంచి వదిలేవారంటే, ఆయన తొలి జట్టు మిల్వాకీ బక్స్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పే ఎడీ డూసెట్ దానికి స్కైహుక్ అని పేరు పెట్టారు, చివరికి ఆ పేరే స్థిరపడింది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 20 సీజన్లు, 1,560 లీగ్ మ్యాచ్‌లు, 38,387 పాయింట్లు సాధించిన ఆ ఆటగాడికి ప్రధాన ఆయుధం ఇదే. అన్ని పాయింట్లలో మూడు పాయింట్ల గీత అవతలి నుంచి పడినది ఒకే ఒక్క బంతి, అదీ 18 ప్రయత్నాల్లో.

ఈ షాటు నేర్పమని అడిగే పిల్లలు, నేర్పలేమని చెప్పే పీఈటీలు ఇద్దరూ చూపించే కారణం ఆయన ఎత్తే. ఆయన 7 అడుగుల 2 అంగుళాల మనిషి అన్నది నిజమే. కానీ 7 అడుగులు దాటిన ఆటగాళ్లు ఆయన కాలంలోనూ ఉన్నారు, ఆ తర్వాతా వచ్చారు. వాళ్లలో ఎవరూ దీన్ని ఏళ్ల తరబడి ఇంత నమ్మకంగా వాడుకోలేదు. తేడా ఎక్కడుందంటే ఆయన నేర్చుకున్న వరుసలో ఉందని నా అభిప్రాయం. మన మైదానాల్లో పిల్లలు వీడియో చూసి, నేరుగా పన్నెండు అడుగుల దూరం నుంచి చేయి తిప్పి బంతి విసురుతారు. ఆయన మొదలుపెట్టింది రింగు కిందనుంచి.

ఆయన 1947 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో ఫెర్డినాండ్ లూయిస్ ఆల్సిండర్‌గా పుట్టారు. బడి రోజుల్లోనే ఆయన చేతికి అందిన అభ్యాసం 'మైకన్ డ్రిల్'. 1950 ప్రాంతంలో మినియాపోలిస్ లేకర్స్ జట్టుకు తిరుగులేని ఆటగాడైన జార్జ్ మైకన్ పేరుమీద వచ్చిన ఈ అభ్యాసానికి బంతి, బోర్డు తప్ప మరేమీ అక్కర్లేదు. రింగుకు కుడివైపు దగ్గరగా నిలబడి, ఎడమ కాలిమీద లేచి, కుడి చేత్తో బోర్డుకు తగిలేలా చిన్న హుక్ వేయాలి. నెట్‌లోంచి జారిన బంతిని నేల తాకనివ్వకుండా గడ్డం పైనే అందుకొని, ఒక్క అడుగులో ఎడమవైపుకు వచ్చి, ఈసారి కుడి కాలిమీద లేచి ఎడమ చేత్తో వేయాలి. మళ్లీ కుడివైపు, మళ్లీ ఎడమవైపు. మొదటివారంలో ఆగి ఆగి చేసినా ఫరవాలేదు, బంతి మాత్రం ఛాతీ కిందికి దిగకూడదు. వరుసగా ఇరవై బంతులు రెండు చేతులతో మార్చి మార్చి పడేవరకు తర్వాతి మెట్టు ఎక్కవద్దు. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే 5వ నంబరు బంతి ఇచ్చి, వీలున్నచోట రింగును 2.60 మీటర్లకు దించాలి. 3.05 మీటర్ల రింగుకు పెద్ద బంతితో కుస్తీ పడే పిల్లవాడు చేతితో కాకుండా నడుముతో విసరడం నేర్చుకుంటాడు, ఆ అలవాటు తర్వాత ఓ పట్టాన పోదు.

రెండో మెట్టు పాదాలది, అసలు కష్టమంతా ఇక్కడే. రింగుకు ఎదురుగా నిలబడి చూస్తే పెయింట్‌కు (రింగు ముందు గీతలు గీసిన దీర్ఘచతురస్రానికి) ఎడమ అంచున, రింగుకు ఐదారు అడుగుల దూరంలో, వీపు రింగువైపు ఉంచి నిలబడండి. బంతి అందగానే గడ్డం కింద రెండు చేతులతో బిగించి పట్టుకొని, మోచేతులు బయటికి పెట్టండి. కుడి పాదాన్ని పివట్‌గా నేలకు అతికించి, ఎడమ పాదాన్ని పెయింట్ మధ్యలోకి ఒక పొడవాటి అడుగు వేయండి. ఆ అడుగు పడేసరికి మీ ఎడమ భుజం రింగును చూస్తుండాలి, బంతి డిఫెండర్‌కు అవతల, మీ ఒళ్లు మధ్యలో గోడలా ఉండాలి. అక్కడినుంచి ఎడమ కాలిమీద పైకి లేస్తూ కుడి మోకాలు ఎత్తాలి. పివట్ పాదం ముందే జారితే ట్రావెలింగ్ (బంతితో నిబంధనకు మించి కదిలిన తప్పు) అవుతుంది, తటపటాయిస్తే పెయింట్‌లో మూడు సెకన్లకు మించి ఉండకూడదన్న నిబంధన తగులుతుంది. అందుకని ఈ అడుగును బంతి లేకుండానే రోజుకు యాభైసార్లు వేయించడం నాకు అలవాటు. పిల్లలకు ఇది విసుగే. అయినా బంతి ఇస్తే కళ్లు బంతిమీదికి పోతాయి, పాదాల సంగతి మరిచిపోతారు.

ఇప్పుడు చేయి. బంతిని పైకి తీసుకెళ్లే దారి ముఖానికి ఎదురుగా కాకుండా, కుడి చెవి పక్కగా, నిట్టనిలువుగా ఉండాలి. చేయి పూర్తిగా చాచాక, ఎగిరిన ఎత్తు ఇంకా తగ్గకముందే, మణికట్టును రింగువైపు వంచి వేళ్లతో వదలాలి. ఎడమ ముంజేయి మడిచి డిఫెండర్‌కూ మీకూ మధ్య అడ్డుగా ఉంచుకోవచ్చు గాని, దానితో తోస్తే ఫౌలు. చూపు ఎడమ భుజం మీదుగా రింగు మీద ముందే నిలవాలి. చేయి లేచాక చూద్దామంటే ఆలస్యమైపోయినట్టే.

ఈ దశలో దాదాపు అందరూ చేసే తప్పొకటి ఉంది. మా మైదానానికి వచ్చే పదమూడేళ్ల అమ్మాయి ఒకరు, పాదాలు చక్కగా వేస్తూనే, చేయి ఎత్తేముందు బంతిని ఒకసారి నడుము దాకా దించి ఊపు తీసుకునేది. చెప్పి చెప్పి లాభం లేక, ఒక షటిల్ బ్యాటు తెచ్చి, ఆమె నడుము దగ్గర అడ్డంగా పట్టుకొని నిలబడ్డాను. బంతి దించిన ప్రతిసారీ బ్యాటుకు తగిలి 'టప్' మంటుంది. మూడోరోజు సాయంత్రానికి ఆ చప్పుడు ఆగింది. ఆ తర్వాత అదే బ్యాటును నా తలపైన ఎత్తి పట్టుకొని దాని మీదుగా వేయమన్నాను. ఈ రెండో ఉపాయం నాది కాదు. ఆల్సిండర్ చదివిన పవర్ మెమోరియల్ బడి వరుసగా 71 మ్యాచ్‌లు గెలిచి ఊపుమీదున్నప్పుడు, 1965 జనవరిలో వాళ్లను 46-43తో ఆపిన డిమాథా బడి శిక్షకుడు మోర్గాన్ వుటెన్, ఆల్సిండర్ చేతుల ఎత్తుకు తన పిల్లలను అలవాటు చేయడానికి టెన్నిస్ రాకెట్లు ఎత్తి పట్టించి సాధన చేయించారు.

హుక్ ఆయన జీవితంలో ప్రధానమైన షాటుగా మారడానికి ఒక నిషేధం కూడా తోడ్పడింది. ఆయన యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో శిక్షకుడు జాన్ వుడెన్ దగ్గర ఆడుతూ, 1967లో తొలి జాతీయ టైటిల్ గెలిచిన వెంటనే, అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌లో డంక్‌ను నిషేధించారు. జనం దాన్ని ఆల్సిండర్ నిబంధన అనే పిలిచారు, అది 1976 దాకా అమల్లో ఉంది. బంతిని పైనుంచి గుచ్చడానికి వీల్లేకపోయేసరికి, అప్పటికే చేతిలో ఉన్న హుక్‌కు ఆయన మరింత పదును పెట్టుకున్నారు. 1968లోనూ 1969లోనూ టైటిల్ మళ్లీ వాళ్లదే, మూడేళ్లలో జట్టు 88 గెలిచి 2 మాత్రమే ఓడింది. దీన్నుంచి మన సాధనకు పనికివచ్చే సూత్రం సూటిగానే ఉంది: వారంలో ఒకరోజు ఆటలో లే-అప్ (పరుగెత్తుకొచ్చి రింగు పక్కనుంచి వేసేది), జంప్ షాట్ (ఎగిరి వేసేది) రెండూ నిషేధించి, పెయింట్ లోపల హుక్ ఒక్కటే లెక్కలోకి వస్తుందని ప్రకటించండి. మొదటి రోజు స్కోరు 4-2 దగ్గరే ఆగిపోయినా కంగారు పడవద్దు.

వీడియోలు చూసి నేర్చుకోవాలనుకునేవారికి ఒక మాట. ఆయన 1968లో ఇస్లాం స్వీకరించారు, 1971లో మిల్వాకీకి టైటిల్ అందించిన వెంటనే కరీం అబ్దుల్-జబ్బార్ అన్న పేరును బహిరంగంగా వాడడం మొదలుపెట్టారు. అందువల్ల కళాశాల రోజుల ఆటకోసం లూ ఆల్సిండర్ అనీ, తర్వాతి ఆటకోసం కొత్తపేరుతోనూ వెతకాలి. పాత వీడియోల్లో మిల్వాకీ సహచరుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆయనకు బంతి అందించే తీరును ప్రత్యేకంగా గమనించండి. హుక్ వేసేవాడి సగం పని, బంతిని సరైన చేతికి సరైన ఎత్తులో అందించేవాడు చేసి పెడతాడు. పాస్ మోకాళ్ల దగ్గరికి వస్తే ఎంత పాదాల పనితనమున్నా ప్రయోజనం ఉండదు.

దూరం పెంచే సమయం వచ్చాక చూడవలసిన ఒకే ఒక్క షాటు 1974 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లోది. బోస్టన్‌లో రెండో ఎక్స్‌ట్రా టైం చివర్లో మిల్వాకీ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి అందుకున్న కరీం, పాస్ ఇచ్చేందుకు ఎవరూ కుదురుగా దొరకకపోవడంతో, బేస్‌లైన్ (రింగు వెనకున్న కోర్టు అంచు గీత) వైపు జరిగి చాలా దూరం నుంచి హుక్ వేశారు. 102-101, గడియారంలో మిగిలింది 3 సెకన్లు. (ఏడో మ్యాచ్ మాత్రం బోస్టనే గెలిచింది.) ఆ షాటును ఆపి ఆపి చూడండి. రింగు కింద వేసే హుక్‌కూ దీనికీ చేతిలో తేడా ఏమీ కనిపించదు, పెరిగిన దూరమంతా కాళ్లనుంచీ మణికట్టునుంచీ వచ్చింది. కాబట్టి రోజుకు అరడుగు చొప్పున వెనక్కి జరగండి. ఎక్కడైతే చేయి పక్కకు తిరగడం మొదలవుతుందో అక్కడ ఆగి, ఒక అడుగు ముందుకు వచ్చి, ఆ వారమంతా అక్కడే ఉండండి.

ఇక డిఫెండర్ నేర్చుకుంటాడు. మీరు ఎప్పుడూ మధ్యలోకే తిరుగుతారని తెలిస్తే వాడు ముందుగానే అక్కడ నిలబడతాడు. అందుకు విరుగుడు, మధ్యకు భుజం కదిలించి, బేస్‌లైన్ వైపు వెనక్కి తిరిగి ఎడమ చేత్తో వేయడం. మైకన్ డ్రిల్‌లో ఎడమ చేతిని ఎగ్గొట్టినవారికి ఇక్కడ తెలిసివస్తుంది. ఇద్దరు డిఫెండర్లు ముసురుకుంటే ఖాళీగా ఉన్న సహచరుడికి ఇవ్వాలి. కరీం కెరీర్‌లో 5,660 అసిస్టులు (సహచరుడి స్కోరుకు దారితీసిన పాస్‌లు) ఉన్నాయని చాలామందికి తెలియదు.

పొట్టివాళ్ల సందేహానికి జవాబు మ్యాజిక్ జాన్సన్ ఇచ్చారు. 6 అడుగుల 9 అంగుళాలంటే మనకు పొడగరే గాని, బోస్టన్ పెయింట్‌లో కెవిన్ మెక్‌హేల్, రాబర్ట్ పారిష్ ఎదురుగా ఉంటే కాదు. 1987 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో, చివరి క్షణాల్లో ఆ ఇద్దరి మీదుగా జాన్సన్ వేసిన హుక్‌తో, కరీం మిల్వాకీ తర్వాత చేరిన లాస్ ఏంజెలెస్ లేకర్స్ 107-106తో గెలిచారు. తోటి ఆటగాడు కరీం షాటును అనుకరించి సాధన చేసినదది, జూనియర్ స్కైహుక్ అని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. అంటే, మీకన్నా పొడవైనవాడి మీదుగా వేయడానికే ఈ షాటు ఉపయోగం, పొట్టివాడి మీద అయితే మామూలు షాటే సరిపోతుంది.

ఒళ్లు సహకరించకపోతే ఇదంతా వృథా. కరీం యోగాను క్రమం తప్పకుండా చేశారు, యూసీఎల్ఏ రోజుల్లో బ్రూస్ లీ దగ్గర పోరాట విద్య నేర్చుకున్నారు. దాని ఫలితం 1985లో కనబడింది. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో లేకర్స్ 148-114తో చిత్తుగా ఓడారు. అప్పటికి 38 ఏళ్ల కరీం 12 పాయింట్లు, 3 రీబౌండ్లతో (గురి తప్పి తిరిగొచ్చిన బంతులను అందుకోవడం) సరిపెట్టుకోవడంతో, ఆయన పని అయిపోయిందన్న మాటలు వినిపించాయి. రెండో మ్యాచ్‌లో 30 పాయింట్లు, 17 రీబౌండ్లు, 8 అసిస్టులు. ఆరు మ్యాచ్‌లలో టైటిల్ గెలిచి, ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనే అందుకున్నారు. 1971లోనూ ఆ బహుమతి ఆయనదే, మధ్యలో గడిచినవి 14 ఏళ్లు. హుక్ సాధన చేసేవారు భుజాలకు, తుంటికి, చీలమండలకు రోజూ పది నిమిషాలు కేటాయించాలి. భుజంలో నొప్పి మొదలైతే ఆ రోజుకు చేయి పైకెత్తే పని మానేసి పాదాల అడుగు ఒక్కటే వేసుకోవాలి.

రోజువారీ లెక్క ఇలా పెట్టుకోండి. ముందు మైకన్ డ్రిల్ మూడు నిమిషాలు, బంతి లేని అడుగులు యాభై, ఐదడుగుల నుంచి కుడి చేత్తో నలభై, ఎడమ చేత్తో నలభై, ఆపైన ఎవరైనా చేతులెత్తి అడ్డు నిలబడగా ఇరవై. పడినవి కాకుండా, చేయి సరిగ్గా పైకి వెళ్లినవి లెక్కపెట్టండి. చివరగా, 1984 ఏప్రిల్ 5న లాస్ వేగస్‌లో విల్ట్ చాంబర్లెయిన్ పేరున ఉన్న మొత్తం ఎన్‌బీఏ పాయింట్ల రికార్డును ఆయన దాటిన షాటును ఒకసారి చూడండి. మ్యాజిక్ జాన్సన్ బంతి అందిస్తారు, మధ్యలోకి తిరగబోతున్నట్టు భుజం కదులుతుంది, ఒళ్లు మాత్రం బేస్‌లైన్ వైపు తిరుగుతుంది, యూటా జట్టులోని 7 అడుగుల 4 అంగుళాల మార్క్ ఈటన్ చేయి ఎత్తినా బంతి ఆయన వేళ్లకు పైనుంచే వెళ్తుంది. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా దాదాపు 39 ఏళ్లు నిలిచింది. చూశాక వీడియో ఆపేసి, ఎడమ పాదం ఎక్కడ పడిందో నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకొని, అక్కడినుంచి మొదలుపెట్టండి.