హైదరాబాద్‌లో చదివి ఆడియాలజిస్ట్ అవ్వాలంటే ఏం చేయాలి?

"ఇనబడుతది బిడ్డా, కానీ సమజైతలేదు."

వినికిడి పరీక్షకి వచ్చే పెద్దవాళ్ల దగ్గర నేను తరచూ వినే మాట ఇది. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అనుకుంటారు. వయసు పైబడ్డాక ముందుగా తగ్గేది కీచుగా ఉండే హై పిచ్ శబ్దాలు వినే శక్తి. అచ్చుల మోత చెవికి చేరుతుంది కానీ స, శ లాంటి హల్లులు జారిపోతాయి. సీత వచ్చిందంటే గీత వచ్చిందా అని అడుగుతారు. ఎక్కడ ఏం తగ్గిందో కొలిచి, వినికిడి మిషన్ పెట్టి, దానికి అలవాటు పడేదాకా వెంట ఉండటమే ఆడియాలజిస్ట్ పని. మందులు రాయరు, ఆపరేషన్ చేయరు. అది ఈఎన్‌టీ డాక్టర్ పని. ఇంటర్ పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకుంటుంటారు, అందుకే ముందే చెప్తున్నా.

మొదట కోర్సు పేరు సరిగ్గా తెలుసుకోండి

మన దగ్గర ఇందుకు చదవాల్సిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, అంటే బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మొత్తం నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇందులో వినికిడితో పాటు మాట, భాష సమస్యలు కూడా చదవాలి. ఒక్క ఆడియాలజీయే కావాలంటే తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీలో ఎంచుకోవచ్చు. డీహెచ్‌ఎల్‌ఎస్ అని వినికిడి, భాష, మాట మీద ఏడాది డిప్లొమా ఒకటుంది. దాంతో సహాయకులుగా పనిచేయొచ్చు తప్ప ఆడియాలజిస్ట్ అవ్వరు.

బైపీసీ వాళ్లకే అనుకోకండి, ఎంపీసీ వాళ్లు కూడా చేరవచ్చు. సీటు ఇచ్చే పద్ధతి మాత్రం సంస్థను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. ఈ ఏడాది ప్రాస్పెక్టస్ చూడండి, సీనియర్ చెప్పింది నమ్మి కూర్చోకండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు

ఇక్కడ తొందరపడొద్దు. ఈ కోర్సు నడపాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ అనుమతి ఉండాలి. గోడకి ఫ్రేమ్ కట్టి పెట్టిన కాగితం చూపిస్తే సరిపోదు, అనుమతి మీరు చేరే ఏడాదికి ఉందా, ఎన్ని సీట్లకి ఉంది అని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. మా బంధువుల అబ్బాయి ఒకడు ఈ పని చేయకుండా ఫీజు కట్టేశాడు. అనుమతి గడువు అంతకుముందే అయిపోయిందట. డబ్బు వెనక్కి తెచ్చుకునేసరికి ఆ ఏడాది కాస్తా పోయింది.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యల కోసం పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అసలు సంస్థ 1983లో ముంబయిలో మొదలైంది కానీ పేరు మన హైదరాబాదీదే, ఆయన ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. సికింద్రాబాద్‌లోనే స్వీకార్ అకాడమీ కూడా ఉంది. ఊరు దాటడానికి సిద్ధమైతే మైసూరులోని ఐష్‌కి, అంటే ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌కి తప్పకుండా అప్లై చేయండి.

చేరే ముందు ఏదైనా ఆసుపత్రి వాళ్లని అడిగి, వినికిడి విభాగం ఓపీలో ఒక పూట కూర్చోండి. ఆ పూట విసుగు పుడితే నాలుగేళ్లు కష్టమే.

చదువు ఎలా ఉంటుంది?

మొదటి ఏడాది చెవి నిర్మాణం ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు ధ్వని శాస్త్రం, భాషాశాస్త్రం, సైకాలజీ. బైపీసీ పిల్లలకి టెన్షన్ పెట్టేది డెసిబెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. అది లాగరిథమ్ లెక్క. సున్నా డెసిబెల్ అంటే శబ్దమే లేదని కాదు, ఆరోగ్యంగా ఉన్న చెవి మామూలుగా వినగలిగే అతి చిన్న శబ్దమని. సెలవుల్లోనే లాగరిథమ్ ఒకసారి తిరగేయండి.

అసలు చదువు క్లినిక్‌లోనే. ప్యూర్ టోన్ పరీక్షే తీసుకోండి. శబ్దం రాని గదిలో పెద్దాయన్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, "బీప్ ఎంత సన్నగా వినిపించినా బటన్ నొక్కండి తాతా" అని చెప్తాం. బాగా వినే చెవితో, 1000 హెర్ట్జ్ దగ్గర మొదలుపెడతాం (హెర్ట్జ్ అంటే శబ్దం పిచ్‌కి కొలత). నొక్కితే 10 డెసిబెల్స్ తగ్గించాలి, నొక్కకపోతే 5 పెంచాలి. అలా దిగుతూ ఎక్కుతూ ఆయన వినగలిగే చివరి మెట్టు పట్టుకుంటాం. గ్రాఫ్ మీద కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ.

వినడానికి తేలికే. నేను విద్యార్థిగా చేసిన మొదటి పరీక్షల్లో ఒక పెద్దావిడ చకచకా నొక్కుతూ పోయింది. వినికిడి భేషుగ్గా ఉందని గ్రాఫ్ గీసేశాను. మేడమ్ వచ్చి, శబ్దం ఏమీ ఇవ్వకుండా అర నిమిషం మీట వైపు చేయి మాత్రం కదుపుతూ ఉండమన్నారు. ఆవిడ అప్పుడూ నొక్కుతూనే ఉంది! నేను మీట వైపు చేయి కదిపినప్పుడల్లా అద్దంలోంచి చూసి నొక్కుతోందన్నమాట. కుర్చీ పక్కకి తిప్పి మళ్లీ చేశాం. గ్రాఫ్ మొత్తం మారిపోయింది.

పసిపిల్లలు బటన్ నొక్కలేరు కదా, వాళ్లకి ఓఏఈ (శబ్దానికి లోపలి చెవి ఇచ్చే స్పందన చూసేది), బెరా (శబ్దానికి వినికిడి నరం, మెదడు ఇచ్చే స్పందన చూసేది) పరీక్షలు ఉంటాయి. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్ లేదా థెరపీ మొదలవ్వాలన్నది లెక్క. బెరాకి బిడ్డ నిద్రపోవాలి. తల్లి పాలిచ్చి జోకొడుతుంటే గంటసేపు చప్పుడు చేయకుండా కూర్చోవడం కూడా ఈ చదువులో భాగమే.

భాష గురించి ఒక మాట. హైదరాబాద్‌లో ఒక్క తెలుగుతో నడవదు. చార్మినార్ వైపు నుంచి వచ్చిన ఖాలాకి రిపోర్టు ఉర్దూలో చెప్పాలి. పదాలు వినిపించి చేసే పరీక్ష కూడా ఎవరి భాషలో వాళ్లకి చేయాల్సిందే. ఇంటర్న్‌షిప్‌లో సిగ్గుపడకుండా నేర్చుకోండి.

డిగ్రీ చేతికొచ్చాక

ఆర్‌సీఐలో రిజిస్టర్ చేసుకోకుండా ప్రాక్టీస్ పెట్టకూడదు. 1992 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రిజిస్టర్ అయ్యాక పని దొరికే చోట్లు ఈఎన్‌టీ ఆసుపత్రులు, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం) కేంద్రాలు, పిల్లల కోసం జిల్లాల్లో ప్రభుత్వం నడిపే సత్వర చికిత్స కేంద్రాలు, హియరింగ్ ఎయిడ్ షాపులు. షాపుల్లో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, అయితే కొన్నిచోట్ల నెలకిన్ని అమ్మాలన్న టార్గెట్ ఉంటుంది. మొదటి రెండేళ్లు ఆసుపత్రిలోనే చేయమంటాను. రకరకాల కేసులు చూస్తేనే చేయి తిరుగుతుంది.

రిజిస్ట్రేషన్‌కి అప్లై చేసేముందు టెన్త్ మెమో, డిగ్రీ, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.