తవ్వకాల వృత్తిని ఎంచుకునే ముందు: విశాఖ విద్యార్థులకు కొన్ని సూచనలు

పురావస్తు తవ్వకాల్లో పని చేయాలనుకునే విద్యార్థి కోర్సుల గురించి విచారించే ముందు ఒక ఉదయం, విశాఖ దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాచీన బౌద్ధ ఆరామ స్థలం తొట్లకొండకు వెళ్లి రావడం మంచిది. సముద్రాన్ని కాసేపు మరచి, నేల మట్టంలో మిగిలిన పునాదులను మాత్రమే చూస్తూ, భిక్షువుల గదులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో, రాతిలో తొలిచిన తొట్లకు వాన నీరు ఏ వాలు వెంట చేరి ఉంటుందో కాగితం మీద గీసే ప్రయత్నం చేయాలి. ఎండ ఎక్కాక కూడా ఆ గీత పూర్తి చేయాలనిపిస్తే ఈ వృత్తి గురించి ముందుకు ఆలోచించవచ్చు. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు అక్కడ జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. వార్తల్లో కనిపించేవి ఆ నాణేలే. వాటి కోసం జల్లెడ పట్టిన మట్టిని ఎవరూ ఫొటో తీయరు.

అనకాపల్లి దగ్గరి శంకరంలో ఉన్న బౌద్ధ స్థలాలు బొజ్జన్నకొండ, లింగాలకొండలను కూడా ఇదే దృష్టితో చూడాలి. అయితే ఎక్కడా స్వయంగా మట్టి కదపకూడదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. పొలంలో దుక్కి దున్నుతుండగా పాత నాణేల కుండ బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది.

చదువు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. చరిత్ర గాని పురావస్తు శాస్త్రం గాని ప్రధానాంశంగా ఎం.ఏ. చేయాలి, దానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం మనకు చేరువలోనే ఉంది. ఆ తరువాత పుణెలోని దక్కన్ కళాశాల గాని, గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వేక్షణ నడిపే సంస్థలోని రెండేళ్ల పీజీ డిప్లొమా గాని ఆలోచించదగినవి. ఈలోగా బ్రాహ్మీ లిపి చదవడం, కుండపెంకును కొలతలతో గీయడం నేర్చుకున్నవారికి తవ్వకం దగ్గర త్వరగా పని అప్పగిస్తారు.

ఈ పనిలో దక్కే ఆనందం వస్తువు దొరికిన క్షణంలోనే ఉంటుందని బయటివారు అనుకుంటారు. నా అంచనాలో అసలు ఆనందం తవ్వకం కోసం తీసిన కందకపు గోడను చదవడంలో ఉంది. తాపీతో నిలువుగా చెక్కి శుభ్రం చేసిన ఆ గోడలో బూడిద పొర, దాని మీద కూలిన ఇటుకల పొర, ఆ పైన ఒండ్రు వరసగా కనిపిస్తాయి. తరువాతి కాలంవారు తవ్విన గొయ్యి ఒకటి ఆ పొరలను కోసుకుంటూ దిగితే, దాని అడుగున దొరికిన పెంకు పాత పొర లోతులో ఉన్నా ఆ పొరకు చెందినది కాదని తేల్చవలసి ఉంటుంది. ఆ గొయ్యి అంచును మట్టి రంగులోని చిన్న తేడాతో పట్టుకోగలిగిన రోజున, అంతకు ముందు ఎవరికీ తెలియని ఒక సంగతి మనకు తెలుస్తుంది. జీతం ఎంతైనా ఆ రోజుకు సాటి రాదనే సీనియర్ల మాటలో అతిశయోక్తి ఉంది గాని అబద్ధం లేదు.

ఇక భరించవలసినవాటిలో ఎండ, దుమ్ము, గుడారపు నిద్ర చిన్నవి. పెద్ద చిక్కు క్యాలెండరుతో వస్తుంది. మన కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. ఏప్రిల్ దాటితే ఎండ, ఉక్క. తవ్వడానికి అనువైన డిసెంబరు నుంచి మార్చి వరకు గల నెలల్లోనే సంక్రాంతి, మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు వస్తాయి. చెల్లెలి పెళ్లికి ముహూర్తం వేళకు వచ్చి, అప్పగింతలు కాకుండానే తిరుగు బస్సు ఎక్కడం ఈ వృత్తిలో వింతేమీ కాదు. పైగా సర్వేక్షణ తవ్వకాల శాఖలు నాగపూర్, పట్నా, వడోదర వంటి చోట్ల ఉన్నందున తెలుగు నేల మీదే కొలువు దొరుకుతుందన్న హామీ లేదు. శాశ్వత పోస్టులు తక్కువ. కాంట్రాక్టు పని సీజనుతో ముగుస్తుంది. కాబట్టి ఇంట్లోవారికి సంవత్సరం క్యాలెండరు ముందు పెట్టి, ఏ నెలల్లో మీరు దొరకరో, వానాకాలంలో డబ్బు ఎలా సర్దుకుంటారో విడమరిచి చెప్పండి. పెళ్లి సంబంధం చూసే వేళ ఆ మాట చెప్పడం మరీ ముఖ్యం. ఆడపిల్లలైతే శిబిరంలో వసతి, మరుగుదొడ్డి ఏర్పాట్ల గురించి మొహమాటం లేకుండా ముందే అడగాలి.

పేరు కోసం తొందరపడేవారు నాగార్జునకొండ సంగతి తెలుసుకోవాలి. జలాశయంలో మునగబోయే ఆ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిగాయి. నివేదిక మొదటి సంపుటి 1975లో, రెండవది 2006లో వెలువడ్డాయి. రెండవ సంపుటి రాయగలిగారంటే నలభై ఏళ్ల కిందట తవ్వకం దగ్గర రాసుకున్న నోటు పుస్తకాలు, గీసిన పటాలు చదవడానికి వీలుగా ఉండటమే కారణం. అందుచేత మొదటి రోజు నుంచే కందకం సంఖ్య, పొర సంఖ్య, లోతు, తేదీ, గోడ ఏ దిక్కుదో ప్రతి పుటలోనూ రాయండి. సంక్షిప్తాక్షరాలు వాడితే వాటి అర్థాన్ని అదే పుస్తకం మొదటి పుటలో ఇవ్వండి. ఫొటో ఉందన్న ధీమాతో పటం గీయడం మాత్రం మానకండి.