ఆర్‌పీఎం ముల్లు ఎగురుతోందా? మీటర్ మార్చే ముందు ఎర్త్ చూడండి

పాత బండికి టాప్ మోడల్‌లో వచ్చే కంపెనీ ఆర్‌పీఎం మీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) బిగించాక వచ్చే తంటాలివి. డ్యాష్‌బోర్డు విప్పి బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నా.

ముల్లు అసలు లేవట్లేదు

డీజిల్ బండైతే ఆల్టర్నేటర్ వెనక డబ్ల్యూ టెర్మినల్ (మీటర్‌కు సిగ్నల్ ఇచ్చే పిన్ను) ఉందో లేదో చూడండి. పాతవాటిలో చాలావాటికి ఉండదు. అది చూడకుండా ఛార్జింగ్ లైటు వైరుకు కలిపేసి మీటర్ పోయిందంటారు! పాత ఇగ్నిషన్ కాయిల్ పెట్రోల్ బండిలో సిగ్నల్ ఆ కాయిల్ మైనస్ నుంచి తీసుకోవాలి.

తిరుగుతోంది కానీ లెక్క తప్పు

ఆరు సిలిండర్ల పెట్రోల్ మీటర్‌ను నాలుగు సిలిండర్ల బండికి పెడితే 1500 దగ్గర 1000 చూపిస్తుంది. డీజిల్‌లో ఆల్టర్నేటర్ పుల్లీ సైజు మారినా లెక్క మారిపోతుంది. మీ ఇంజన్‌కు సరిపోయే మీటర్ వెతుక్కోండి.

ముల్లు ఎగురుతోంది

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. హెడ్‌లైట్ వేయగానే ముల్లు కదిలినా, ఇండికేటర్‌తో పాటు తాళం వేస్తున్నట్టు ఊగినా అనుమానించాల్సింది ఎర్త్‌నే, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారినే. డీజిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు కూడా కాస్త కదులుతుంటే ఇక సందేహమే అక్కర్లేదు.

"మల్టీమీటర్‌తో చూస్తే బీప్ వచ్చిందన్నా, ఎర్త్ బాగానే ఉంది" అంటారు. ఆ బీప్‌ను నమ్మొద్దు. మల్టీమీటర్ పంపేది చాలా చిన్న కరెంటు, వైరులో ఒక్క పోగు తగిలినా బీప్ కొడుతుంది. లైట్ల లోడు పడితే అదే జాయింటు చేతులెత్తేస్తుంది. కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలికి బోల్టు పైకి మెరుస్తూనే ఉంటుంది, లగ్ (వైరు చివర బోల్టుకు బిగించే రింగు) కింద మాత్రం తుప్పు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి హెడ్‌లైట్లు, ఇండికేటర్ వేయండి. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల మీద ఉంచి, ఒక ప్రోబ్ మీటర్ ఎర్త్ వైరుకు, రెండోది నేరుగా బ్యాటరీ మైనస్ పోస్టుకు పెట్టండి. 0.1 వోల్టు లోపుంటే మంచిదే. 0.3 దాటిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత మీటర్ వైపున్న ప్రోబ్‌ను ఇంజన్ బ్లాకుకు మార్చి కూడా చూడండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, దానికీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ స్ట్రాప్ తెగితే డబ్ల్యూ సిగ్నల్ కూడా తారుమారవుతుంది.

బ్యాటరీ మైనస్ తీసి, లగ్ విప్పి, రెండు వైపులా ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించండి. పైన కాస్త వ్యాజిలైన్ రాయండి. అప్పటికీ తగ్గకపోతే మీటర్ నుంచి బ్యాటరీ మైనస్‌కు విడిగా ఒక వైరు లాగండి.

మీటర్ లోపల బోర్డు కాలడం, కాయిల్ తెగడం అరుదు. ఎర్త్ సరిచేశాక కూడా ఎగిరితేనే దాన్ని విప్పండి.