ముక్కు కండలో రైనోస్పోరిడియం: గ్రాసింగ్ (కణజాలాన్ని చూసి కోసే) బల్ల నుంచి రిపోర్టు దాకా

ఈఎన్‌టీ థియేటర్ నుంచి, ముక్కులో పెరిగితే తీసిన కండతో, చిన్న డబ్బా పాథాలజీ ల్యాబుకు వస్తుంది. చీటీ మీద ‘పాలిప్’ అనో, రక్తం బాగా కారిందని ‘హీమాంజియోమా (రక్తనాళాల గడ్డ)?’ అనో, తీసినా మళ్లీ పెరిగిందని ‘ట్యూమర్?’ అనో రాసి ఉంటుంది. చెరువుల్లో ఈదే, కుంటల్లో పశువులను కడిగే ఊళ్ల నుంచి రోగులు వచ్చే మన ల్యాబుల్లో ఆ మూడు చీటీల వెనకా రైనోస్పోరిడియోసిస్, అంటే రైనోస్పోరిడియం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, ఉండొచ్చు. స్లైడు శుభ్రంగా వస్తే చాలావరకు అది తనంతట తానే కనిపిస్తుంది. తప్పులు జరిగేది రెండు చోట్ల: కణజాలం పాడైనప్పుడు, కనిపించిన గుండ్రాన్ని కొలవకుండా పేరు పెట్టేసినప్పుడు.

చీటీ, డబ్బా

మూత తీసే ముందు చీటీలో లేని సంగతులు ఫోన్ చేసి కనుక్కోండి. కండ ఎక్కడ అంటుకుని ఉంది: సెప్టం (ముక్కు మధ్య గోడ) మీదా, ఇన్ఫీరియర్ టర్బినేట్ (పక్క గోడ కింది మడత) మీదా, ముక్కు నేల మీదా? మొత్తం తీశారా, ముక్క మాత్రమే తీశారా? ఇంతకు ముందు తీయించుకున్నారా? రోగి చెరువులో స్నానం చేస్తాడా, వాగులో ఇసుక తవ్వే పనికి వెళ్తాడా, విదేశాల్లో ఉండి వచ్చాడా? ఆ చివరి ప్రశ్న అవసరం ముందు ముందు తెలుస్తుంది.

కణజాలం తాజాగా, ఫార్మలిన్ పడకముందే చేతికి అందితే ఐదు నిమిషాలు కేటాయించండి. పైన అంటుకున్న జిగురును గాజు పలకకు అద్ది, ఒక పలకను ఆరబెట్టి జీమ్సా స్టెయిన్ వేయండి, ఇంకొకటి వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి పాస్ (పీఏఎస్) స్టెయిన్‌కు పెట్టండి. ఒక్క జీమ్సాతోనే తేల్చేయకండి. చెడిపోయి గుండ్రబడిన ఎపిథీలియల్ కణాలు అందులో అచ్చం ఎండోస్పోర్లలా (ఈ జీవి పెద్ద గోళం లోపల తయారయ్యే చిన్న గోళాలలా) కనిపిస్తాయి. పాస్‌లో ఎండోస్పోర్లు ముదురు గులాబీ రంగు పట్టుకుంటాయి, ఎపిథీలియల్ కణాలు పట్టవు.

ఫార్మలిన్ తప్పకుండా బఫర్ చేసినదే కావాలి. ఈ కండ నిండా రక్తం ఉంటుంది. బఫర్ లేని ఫార్మలిన్ ఆమ్లంగా మారి రక్తంతో కలిస్తే గోధుమ-నలుపు చుక్కలు సెక్షన్ (స్లైడు మీది పలుచటి కోత) అంతా పడతాయి, వాటిని చూసి ఏదో క్రిమి అనుకున్నవాళ్లున్నారు. లీటరుకు కొలతలు ఇవి: 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మి.లీ., డిస్టిల్డ్ నీళ్లు 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రా., అన్‌హైడ్రస్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రా. కణజాలం పరిమాణానికి కనీసం 10 రెట్లు పోయండి. సెంటీమీటరు దాటిన కండైతే మధ్యకు ఒక కోత పెట్టి ఒక రాత్రంతా ఉంచండి. చుక్కలు అప్పటికే పడి ఉంటే, స్టెయిన్‌కు ముందు సెక్షన్‌ను పిక్రిక్ ఆమ్లం బాగా కలిపిన ఆల్కహాల్‌లో ఉంచితే పోతాయి. పిక్రిక్ ఆమ్లాన్ని మాత్రం ఎప్పుడూ తడిగానే నిల్వ చేయాలి, ఎండితే పేలుతుంది.

కోత

పైన ఉన్న జిగురును తుడవకండి, కుళాయి కింద కడగకండి. పగిలిన స్పోరాంజియం (ఎండోస్పోర్లను మోసే పెద్ద గోళం) నుంచి బయటపడ్డ ఎండోస్పోర్లు ఆ జిగురులోనే ఉంటాయి. ముందు చేతి భూతద్దంతో పైభాగం చూడండి. పండిన మల్బరీ పండులా ఎర్రగా, గరుకుగా ఉండి, మీద గుండుసూది మొనంత తెల్లటి లేదా పసుపు చుక్కలు కనిపిస్తే సగం పని అయినట్టే: ఆ చుక్కలు పైకి వచ్చిన పక్వ స్పోరాంజియాలు. మామూలు అలర్జీ పాలిప్ ఇలా ఉండదు. అది బూడిదరంగులో, ద్రాక్షపండులా నునుపుగా, మెరుస్తూ ఉంటుంది.

ఫొటో తీసేది ఇప్పుడే, కోశాక కాదు. పక్కన స్కేలు పెట్టండి.

కాడ ఉంటే దాని మొదలుకు సిరా పూసి విడిగా ఒక మైనం బ్లాకులో పెట్టండి. మిగతా కండను పైపొరకు నిలువుగా, 3 మి.మీ. మందంతో ముక్కలు చేయండి. అడ్డంగా కోస్తే ఎపిథీలియం, దాని కింది పొర, అందులోంచి పైకి కదిలే స్పోరాంజియాల వరస ఒక్క సెక్షన్‌లో దొరకవు. 2 సెం.మీ. లోపు కండైతే మొత్తం బ్లాకుల్లో పెట్టేయండి. మళ్లీ మళ్లీ వచ్చిన కండలో, యాభై దాటిన రోగిలో, ‘ప్రతినిధిగా రెండు ముక్కలు చాలు’ అనుకోకూడదు. పైన రైనోస్పోరిడియం కనిపించినంత మాత్రాన కింద ట్యూమర్ లేదని రుజువు కాదు.

మైక్రోటోమ్ దగ్గర

పక్వ స్పోరాంజియం గోడ గట్టిది, చుట్టూ ఉన్న కణజాలం మెత్తనిది, నీరు పట్టినది. బ్లేడు ఈ తేడాను తట్టుకోలేక గోడను లాగేస్తుంది. ఫలితంగా స్లైడు మీద ఖాళీ రంధ్రాలు, లేదా నెలవంకలా మడతపడ్డ గులాబీ పట్టీలు మిగులుతాయి. కొత్త బ్లేడు వాడండి. బ్లాకును 10–15 నిమిషాలు ఐసు మీద బోర్లించి చల్లబరచండి, 4 మైక్రాన్లకు నెమ్మదిగా, ఒకే వేగంతో కోయండి. పాలీలైసిన్ పూసిన స్లైడు మీదికి తీస్తే పాస్ ఆమ్లంలోనూ సెక్షన్ ఊడదు. అలా జాగ్రత్త పడినా ఖాళీ రంధ్రాలే వస్తే నిరాశపడొద్దు. ఆ మడతపడ్డ నెలవంకలు కూడా ఆనవాలే: లోపలి ఎండోస్పోర్లను వదిలేసి కూలిపోయిన స్పోరాంజియాలు అచ్చం అలాగే ఉంటాయి.

ఇంకో సంగతి. 300 మైక్రాన్ల బంతిని 4 మైక్రాన్ల మందంతో కోస్తే దాదాపు 75 సెక్షన్లు వస్తాయి. మీరు చూసేది అందులో ఒకటి. బంతి అంచు నుంచి వచ్చిన సెక్షన్‌లో అది చిన్నగా, ఎండోస్పోర్లు బయటికి వచ్చే రంధ్రం లేకుండా, ఇంకేదో జీవిలా కనిపించవచ్చు. అందుకే అనుమానం ఉన్న బ్లాకులో 100 మైక్రాన్లకు ఒకటి చొప్పున కనీసం మూడు లెవెల్స్ (లోతు మార్చి తీసే సెక్షన్లు) తీయించండి.

కొలత

మొదట 4ఎక్స్ లెన్స్‌తో మొత్తం స్లైడు తిప్పండి. ఎపిథీలియం కింద, రక్తనాళాలు నిండిన వదులు కణజాలంలో, ప్లాస్మా కణాల, లింఫోసైట్ల మధ్య వేర్వేరు పరిమాణాల గుండ్రాలు కనిపించాలి. అన్నీ ఒకే సైజులో ఉంటే ఆగి ఆలోచించండి. రైనోస్పోరిడియంలో అన్ని దశలూ పక్కపక్కనే ఉంటాయి. చిన్నవి సుమారు 10 నుంచి 100 మైక్రాన్లు: లోపల ఒకే కేంద్రకం, గోడ గాజులా మెరుస్తుంది. పక్వానికి వచ్చినవి 100 నుంచి 350 మైక్రాన్లు, కొన్ని ఇంకా పెద్దవి. వాటి లోపల ఎండోస్పోర్లు కుప్పగా కాదు, క్రమంలో ఉంటాయి: చిన్న, పక్వం కానివి ఒక అంచున నెలవంకలా, పెద్దవి మధ్యలోనూ రంధ్రం వైపునా. పక్వమైన ఎండోస్పోర్ 6–10 మైక్రాన్లు, దాదాపు ఎర్ర రక్తకణమంత. కొలమానం పక్కనే రక్తనాళంలో దొరుకుతుంది.

అంచనాతో సరిపెట్టకుండా ఐపీస్ గ్రాటిక్యూల్‌ను (కంటి కటకంలోని కొలత గీతల పలకను) ఒకసారి కాలిబ్రేట్ చేసి ఆ అంకెలను మైక్రోస్కోపు మీదే అంటించండి. స్టేజ్ మైక్రోమీటర్‌లో (కొలత స్లైడులో) 1 మి.మీ. గీతను 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కోటి 10 మైక్రాన్లు. 40ఎక్స్ లెన్స్‌లో గ్రాటిక్యూల్ 100 గీతలు స్టేజ్ మీది 25 గీతలతో కలిశాయనుకోండి: 250ని 100తో భాగిస్తే ఒక గీత 2.5 మైక్రాన్లు. ప్రతి లెన్స్‌కూ విడిగా చేయాలి, మైక్రోస్కోపు మారితే మళ్లీ చేయాలి.

గ్రాటిక్యూల్ లేకపోతే ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ చూడండి. అది 20 అయితే, 40ఎక్స్ లెన్స్‌తో భాగిస్తే మీకు కనిపించే వృత్తం వ్యాసం 0.5 మి.మీ., అంటే 500 మైక్రాన్లు. 300 మైక్రాన్ల స్పోరాంజియం అందులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. దీన్ని పోలి కనిపించే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ గోళం (స్ఫెరూల్) చాలావరకు 20–60 మైక్రాన్లే కాబట్టి ఆ వృత్తంలో పదో వంతు అటూ ఇటూ. దాని ఎండోస్పోర్లు కూడా 2–5 మైక్రాన్లే. ఎప్పుడూ ఆ స్లైడులోని అతి పెద్ద గుండ్రాలనే కొలవండి, చిన్నవి అంచు కోతలు కావచ్చు.

ఈ తేడా మీద ఇంతసేపు నిలవడానికి కారణం ఉంది. కాక్సిడియాయిడిస్ మన నేలది కాదు, అమెరికా ఖండాల ఎడారి మట్టిది. కానీ అరిజోనాలో, కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో మనవాళ్లు చాలామంది ఉంటున్నారు, సెలవులకు ఇంటికి వచ్చి ఇక్కడే వైద్యం చేయించుకుంటారు. దాని కల్చర్ ల్యాబ్ సిబ్బందికి నిజంగా ప్రమాదం, గాలిలో లేచే స్పోర్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కొలత కాక్సిడియాయిడిస్ వైపు మొగ్గితే, కల్చర్‌కు పంపే ముందే మైక్రోబయాలజీ వాళ్లకు నోటితో చెప్పండి. రైనోస్పోరిడియం విషయంలో ఆ బెడద లేదు, మామూలు మీడియా దేనిలోనూ అది పెరగదు. అందుకే ‘కల్చర్‌లో ఏమీ రాలేదు’ అన్న మాట దాన్ని కొట్టేయడానికి పనికిరాదు.

పొరబడే ఇంకొన్ని చోట్లు

ట్యూమర్లలో ఎక్కువగా మోసం చేసేది ముక్కు, సైనస్ పొరలో పెరిగే ఆంకోసైటిక్ సైనోనేసల్ పాపిల్లోమా. మందంగా పెరిగిన ఎపిథీలియంలో మ్యూకస్, న్యూట్రోఫిల్స్ నిండిన చిన్న చిన్న సంచులుంటాయి, తొందరలో చూస్తే స్పోరాంజియాలే అనిపిస్తాయి. రెండు ప్రశ్నలు వేసుకోండి. సంచులు ఎపిథీలియంలోనే ఉన్నాయా, కింది పొరలో కూడానా? వాటికి సొంత గోడ ఉందా? పాపిల్లోమాలో సంచులు ఎపిథీలియం దాటవు, గోడ ఉండదు. ఇక్కడ మ్యూసికార్మిన్ (మ్యూకస్‌ను ఎరుపుగా చూపే స్టెయిన్) మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే రెండూ రంగు పట్టుకుంటాయి.

ముక్కులో ఆయింట్‌మెంట్ గుడ్డ కూరిన తర్వాత వచ్చే మయోస్ఫెరులోసిస్ ఇంకొకటి. కొవ్వు తాకిడికి ఎర్ర రక్తకణాలు ముద్దకట్టి, సంచిలో గోళీల్లా కనిపిస్తాయి. అవి సహజంగానే గోధుమరంగులో ఉంటాయి, పాస్ పట్టవు.

ముక్కు బయట రైనోస్పోరిడియోసిస్ కంటి పొర కంజంక్టైవాలో, అరుదుగా చర్మం కింద వస్తుంది. కాలి మీదో తొడ మీదో పెద్ద గడ్డగా పెరిగినప్పుడు సర్జన్ సార్కోమా అనుకోవడం సహజం. ఎఫ్‌ఎన్‌ఏసీలో (సూదితో కణాలు లాగి చూసే పరీక్షలో) 6–10 మైక్రాన్ల గుండ్రాలు విడివిడిగా పడితే, నీడిల్ మళ్లీ వేయించి, గోడ ముక్కల కోసం పాస్ చూడండి.

స్టెయిన్లు

మంచి హెచ్‌ఈ (మామూలు హీమటాక్సిలిన్-ఇయోసిన్ స్టెయిన్) సెక్షన్ చాలు, ప్రత్యేక స్టెయిన్లు అనుమానం ఉన్నప్పుడే. పాస్ ఇలా: మైనం తీసి నీటికి తెచ్చిన సెక్షన్ మీద 1 శాతం పీరియాడిక్ ఆమ్లం 10 నిమిషాలు, డిస్టిల్డ్ నీటితో కడిగి షిఫ్ ద్రావణం 15 నిమిషాలు, పారే కుళాయి నీటిలో 10 నిమిషాలు, హారిస్ హీమటాక్సిలిన్ 1 నిమిషం. కుళాయి నీటి సమయాన్ని తగ్గిస్తే రంగు విచ్చుకోదు. షిఫ్ ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే కాదు, గది వేడికి వచ్చాక వాడండి. అది సీసాలోనే గులాబీ రంగు తిరిగి ఉంటే పారబోయండి.

మ్యూసికార్మిన్ రైనోస్పోరిడియం గోడనూ ఎండోస్పోర్లనూ ఎరుపుగా చూపిస్తుంది, కాక్సిడియాయిడిస్‌ను చూపించదు. కొలత మధ్యస్తంగా ఉండి తేలనప్పుడు ఇదే ఆదుకుంటుంది. కంట్రోల్ కోసం వెతకనక్కర్లేదు, అదే సెక్షన్‌లోని, మ్యూకస్ తయారుచేసే గోబ్లెట్ కణాలు ఎరుపెక్కాలి. సిల్వర్ స్టెయిన్‌లో కాస్త ఎక్కువసేపు ఉంచినా బంతి మొత్తం నల్లబడి లోపలి అమరిక కనపడదు, అందుకే దానికి చివరి స్థానం.

రిపోర్టు

‘రైనోస్పోరిడియోసిస్’ అన్న ఒక్క మాట రాసి ఆపకండి. ఏ దశలు కనిపించాయి, అతి పెద్ద స్పోరాంజియం ఎన్ని మైక్రాన్లు, సిరా పూసిన కాడ మొదలులో జీవి ఉందా లేదా, డిస్‌ప్లాసియా (కేన్సర్‌కు ముందు కణాల మార్పు) లేదా ట్యూమర్ వెతికితే దొరికిందా అన్నవి నాలుగు వాక్యాల్లో చెప్పండి. కాడ మొదలులో జీవి లేదని రాస్తే దాని పక్కనే ఇంకొకటి కూడా రాయండి: తీసేటప్పుడు చిందిన ఎండోస్పోర్లు చుట్టుపక్కల పొర మీద పడి మళ్లీ పెరగవచ్చు, కాబట్టి ఆ మాట మళ్లీ రాదన్న హామీ కాదు. మొదలును కాటరీతో కాల్చడం, కొందరు వైద్యులు డాప్సోన్ మందు కలపడం అందుకే. డాప్సోన్‌కు ముందు జీ6పీడీ (ఒక ఎంజైము) లోపం పరీక్ష చేయించమని గుర్తుచేస్తే రోగికి మేలు. ఇది కేన్సర్ కాదని, మనిషి నుంచి మనిషికి అంటదని కూడా ఒక మాట రాయండి. ఆ కాగితం ఇంట్లోవాళ్లు చదువుతారు.

కేసుగా ప్రచురించాలంటే

మన దగ్గర ముక్కు కండ ఒక్కటే ఉంటే అది కేసు రిపోర్టుకు చాలదు. అరుదైన చోటు, ట్యూమర్‌తో కలిసి రావడం, శరీరమంతా వ్యాపించడం ఉంటేనే రాయండి. రోగి సంతకంతో అనుమతి తీసుకోండి, ఫొటోల్లో స్కేల్ బార్ కాలిబ్రేషన్ నుంచే వేయండి, రిజిస్టర్ నంబరు కనిపించే లేబుళ్లు కత్తిరించండి. ‘ఫంగస్’ అని రాయకండి. 1900లో బ్యూనస్ ఎయిర్స్‌లో గ్విల్లెర్మో సీబర్ దీన్ని ప్రోటోజోవా అనుకున్నాడు, 1923లో ఆష్‌వర్త్ ఫంగస్ అన్నాడు, 1999లో 18ఎస్ రైబోజోమల్ జన్యువును చదివాక చేపల పరాన్నజీవుల దగ్గరి బంధువుగా మీసోమైసెటోజోవా అనే సమూహంలో చేరింది. ఆ జన్యువును మీ కేసులోనూ చదివించాలంటే తాజా కణజాలం చిన్న ముక్కను గ్రాసింగ్ రోజే 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. రోజుల తరబడి ఫార్మలిన్‌లో ఉన్న ముక్కలో డీఎన్‌ఏ తునకలైపోయి ఉంటుంది.